ఒరిపిడి లేని బావి

లవణారణ్యంలో తెల్లవారడమంటే మామూలు తెల్లవారడం కాదు. కనుచూపు మేర పరుచుకున్న ఉప్పునేల మీద తొలికిరణం పడీ పడగానే, ఎవరో బుట్టలకొద్దీ ముత్యాలు తెచ్చి ఆరబోసినట్టు దిక్కులన్నీ తళతళలాడతాయి. ఆకాశమంతా గులాబీరంగు, నేలంతా గులాబీరంగు, నడిచే ఎద్దుల కొమ్ములు కూడా గులాబీరంగు. చూసేవాడు కవి అయితే పద్యం చెబుతాడు, దాహంతో నాలుక పిడచగట్టుకుపోయినవాడైతే తిట్టుకుంటాడు. అరవై ఎద్దులతో నడుస్తున్న మైలమ్మ బిడారులో ఆ ఉదయం కవులెవరూ లేరు.

బిడారు నడిమధ్యన తిత్తుల గుండన నడుస్తున్నాడు. బిడారుకు కావలసిన తోలుతిత్తులు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం అతని పని. తంగేడుచెక్కతో పదును చేసిన మేకతోలు తిత్తి ఒకటి అతని భుజాన వేలాడుతోంది. అందులో ఉన్నది తాగే నీరు కాదు. చంద్రకాంత శిఖరం మీద, ఏడాదికొక్కసారి మాత్రమే ఊరే వెన్నెల ఊట నుంచి పట్టి తెచ్చిన నీరు. అది కుముదావతి రాజ్యపు రాకుమారి సౌగంధిక ప్రాణం.

తనను పెళ్ళాడనన్నదన్న కోపంతో ఉలూకాక్షుడనే మాంత్రికుడు ఆ పిల్లకు శాపం పెట్టాడు. పాదాల దగ్గర మొదలై, రోజుకింత చొప్పున ఆమె శరీరం రాయైపోతోంది. వీళ్ళు బయలుదేరిననాటికి మోకాళ్ళదాకా వచ్చింది. మూడురోజుల్లో రానున్న పున్నమినాటికి గుండెదాకా వస్తుంది. ఈలోగా వెన్నెల ఊట నీరు ఆమె పెదవులకు తగలాలి.

ఊటకు కాపలా ఉండే ముసలి యోగిని తిత్తి నింపి ఇస్తూ ఒకటే మాట చెప్పింది. "నాయనా, దీన్ని బలవంతాన లాక్కోబోయినవాడికి ఇది నిప్పు. ఇష్టపడి ఇస్తే పుచ్చుకున్నవాడికి చల్లని నీరు. నేలమీద ఒలికితే ఉప్పు."

అందుకే ఉలూకాక్షుడు దారి పొడుగునా వెంటాడుతున్నా తిత్తి మీద చెయ్యి వేయలేకపోయాడు. మోసం చేసి, వీళ్ళ చేత్తోనే పుచ్చుకోవాలి. అంతకన్న దారి లేదు అతనికి.

సౌగంధిక అన్న జయంతసేనుడు కూడా ఆ బిడారులోనే ఉన్నాడు. మాంత్రికుడి కంట పడకుండా తలకు మాసిన పాగా చుట్టి, జయన్న అనే పేరు పెట్టుకుని ఎద్దులు తోలుతున్నాడు. అంటే, ఎద్దులు అతన్ని తోలుతున్నాయని బిడారు జనం చాటుగా నవ్వుకుంటున్నారు.

"అవ్వా, ఇంకెంత దూరం?" అన్నాడు జయంతసేనుడు.

"నడిచినంత," అంది మైలమ్మ వెనక్కి తిరక్కుండానే. అరవై దాటిన మనిషి, చేతిలో ముల్లుకర్ర, గొంతు మాత్రం కంచు. "దారి సంగతి నేను చూసుకుంటాగానీ, నీ ఎద్దు గంట మోగడం మానేసి ఎంతసేపయిందో నువ్వు చూసుకున్నావా జయన్నా?"

జయంతసేనుడు వంగి చూశాడు. గంట నాలుక చుట్టూ ఉప్పు పేరుకుపోయి ఉంది.

"ఇంత చిన్నదానికే..." అనబోయాడు.

"చిన్నదే. దుమ్ము లేచినప్పుడు ఈ గంట వినబడకపోతే ఎద్దు ఒక దిక్కు, నువ్వొక దిక్కు. తుడువు."

రాకుమారుడు తుడిచాడు. గుండన నవ్వు ఆపుకున్నాడు. అతనికి ఇరవయ్యేళ్ళుగా ఇదే పాట. ఏ సంతలోనో తల్లిదండ్రులు వదిలేసి పోయిన పసివాణ్ణి మైలమ్మ ఎద్దు మీద వేసుకుని తెచ్చి పెంచింది. పెంచిందంటే ముద్దు చేసి కాదు. పొద్దున్నే కళ్ళు మూసుకుని ప్రతి తిత్తి కుట్టు మీదా బొటనవేలు నడిపించమనేది. "కళ్ళు మొహమాటపడతాయిరా, బొటనవేలు పడదు," అనేది. ఒక్క కుట్టు వదులైనా మొత్తం వరస విప్పించేది. బాగా కుట్టిన రోజున ఏమీ అనేది కాదు. అదే మెప్పు అనుకోవాలి.

ఆమె వ్యాపారం కూడా అంతే. "మిరియాల మూటలో ఒక్క రాయుంటే కొన్నవాడికి ఆ రాయే గుర్తుంటుంది గానీ మిరియాలు గుర్తుండవు," అని ప్రతి మూటా తానే చేయి పెట్టి చూసేది. పదహారు రేవుల్లోనూ మైలమ్మ మూట అంటే విప్పి చూసే వర్తకుడు లేడు. కుముదావతి మహారాజు కూతురి ప్రాణాన్ని సేనాపతి చేతిలో పెట్టకుండా ఈ ముసలామె బిడారులో పెట్టింది కూడా అందుకే.

ఎండ నడినెత్తికి ఎక్కేసరికి తాగే నీళ్ళు అడుగంటాయి. రెండు ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా నగరం కనిపించింది.

అబ్బో, అది నగరమా! పచ్చల తోరణాలు కట్టిన ముఖద్వారం, ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ పాలరాతి చప్టాలు, వీధికి రెండువైపులా గెలలతో వంగిన అరటిచెట్లు, చెట్ల సందున చిలకల గుంపులు, పన్నీరు చల్లిన బాటలు. కూడలిలో గున్నమామిడి నీడన నల్లరాతి బావి. బావి పక్కన వెండి కలశాలు పట్టుకుని అప్సరసల్లాంటి ఆడపిల్లలు. లోపలికి అడుగుపెట్టగానే చల్లగాలి ఒంటికి తగిలి, బిడారు జనం సగంమంది ఏడ్చేశారు.

పట్టుబట్టల నగరశ్రేష్ఠి చేతులు జోడించి ఎదురొచ్చాడు. "దూరపు బాటసారులు! మా పుణ్యం పండింది. దాహం తీర్చుకోండి. అయితే మా నగరానికి ఒక ఆచారముంది. వచ్చిన అతిథి తాను మోసుకొచ్చిన నీరు కాస్త మా బావిలో కలిపి, ఆపైన మా నీరు తాగాలి. అలా అయితేనే మనం మనం ఒకటి."

బిడారు మనుషులకు ఇది మెలిక పెట్టే మాట. ఆతిథ్యం కాదంటే బిడారుకు అరిష్టమని వాళ్ళ నమ్మకం. ఏ ఊరి నీరు తాగితే ఆ ఊరి ఆచారం పాటించి తీరాలి. ఎడారి దారుల్లో తరతరాలుగా వాళ్ళను బతికించింది ఆ మర్యాదే. మిగతా తిత్తులన్నీ ఎండిపోయాయి. నీరున్నది గుండన భుజాన ఒక్కటే.

"ఒక్క చుక్క చాలు," అన్నాడు శ్రేష్ఠి తీయగా.

"ఒక్క చుక్కే కదా అవ్వా," అన్నాడు జయంతసేనుడు, కూలబడిన ఎద్దుల వంక చూస్తూ. "మిగతాది పదిలంగానే ఉంటుంది."

మైలమ్మ కూడా తటపటాయించింది. ఆతిథ్యం ముందు ఆమె ముల్లుకర్ర కూడా దిగిపోతుంది. "గుండా, ఎద్దులకు నీళ్ళు పెట్టాలంటే ముందు బావి చూడు," అంది చివరికి. అది రోజూ చెప్పే మాటే. ఏ ఊళ్ళో దిగినా తాడు గట్టిదా, నీరు ఎంత లోతుంది, గట్టు జారుతుందా అని చూశాకే చేద వేయాలి.

గుండన వెళ్ళి బావి గట్టు మీద చెయ్యి వేశాడు. రాయి చల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. అతని చెయ్యి అలవాటుగా రాతి అంచు మీద వెతికింది. చిన్నప్పటినుంచీ ఏ బావి దగ్గరకు వెళ్ళినా తాడు ఒరిపిడికి పడిన గాళ్ళలో వేళ్ళు పెట్టుకుని కూర్చోవడం అతనికి సరదా. ఇక్కడ గాడి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

అతను నెమ్మదిగా తలెత్తి వీధి వంక చూశాడు. ఏ ఇంటి గడప నడుమా అరగలేదు. తిరగలి రాయి గరుకు తగ్గలేదు. గుమ్మాల ముందు విడిచిన చెప్పుల్లో కాలి బొటనవేలి గుంట లేదు.

"అయ్యా శ్రేష్ఠిగారూ," అన్నాడు గుండన, "ఈ బావి ఎప్పటిది?"

"మా ముత్తాతల ముత్తాతల నాటిది నాయనా. ఏడు తరాలుగా ఊరంతా ఈ నీళ్ళే తాగుతుంది."

"గిలక లేదే. తాడు దేని మీదుగా లాగుతారు?"

"ఈ గట్టురాయి మీదుగానే."

"ఏడు తరాలు లాగినా రాయి అరగలేదేమండీ?"

శ్రేష్ఠి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మరుక్షణం గుండన అరచేతి కింద రాయి కదిలింది. నున్నటి అంచు మీద సన్నటి గీత పడింది. అందరూ చూస్తుండగానే అది లోతై, తాడు పట్టేంత గాడి అయింది. దాని పక్కన మరొకటి. వీధిలో గడపలు నడుమ కుంగాయి. చెప్పుల్లో వేళ్ళ గుంటలు పడ్డాయి. తప్పు దొరికిపోయిన దొంగ గబగబా సర్దుకున్నట్టు, ఊరంతా ఒక్క గుక్కలో ఏడు తరాల ముసలిదనం తెచ్చిపెట్టుకోబోయింది.

తెచ్చుకున్నది మోయలేకపోయింది. మేడల సున్నం పెచ్చులూడింది. తోరణాలు రాలాయి. చిలకలు గూళ్ళలోనే పొడి అయ్యాయి. శ్రేష్ఠి ముఖం మీద ముడతలు, ముడతల మీద ముడతలు పడి, మనిషి మనిషంతా ఉప్పుకుప్పగా కూలిపోయాడు. "పదండి! ఎద్దుల్ని మళ్ళించండి!" అని మైలమ్మ కేక వేసేసరికి ఏడంతస్తుల మేడ ఒకటి ఫెళఫెళమంటూ వీధికి అడ్డంగా పడింది.

ఇక పరుగే పరుగు. ముందు ఎద్దులు, వెనక మనుషులు, వాళ్ళ వెనక విరిగిపడుతున్న ఉలూకాక్షుడి మాయానగరం. బావి నోరు పెద్దదై గున్నమామిడిని మింగింది, కూడలిని మింగింది. కూలిన నగరమంతా ఉప్పుతుఫానుగా లేచింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు, కళ్ళు తెరిస్తే సూదులు గుచ్చినట్టు ఉప్పురవ్వలు. గుండన తిత్తిని వీపుకు వేసుకుని జయన్న ఎద్దు గంట ఎటు మోగితే అటు పరుగెత్తాడు. మిగతా జనమూ ఆ గంట వెంటే పరుగెత్తారు. పొద్దున రాకుమారుడు తుడిచిన ఆ గంట లేకపోతే అరవై ఎద్దులూ అరవై దిక్కుల్లో ఉండేవి.

తుఫాను తగ్గేసరికి గుండన బిడారుకు కాస్త ఎడంగా ఒక ఉప్పుదిబ్బ పక్కన ఒంటరిగా పడి ఉన్నాడు. లేచి తిత్తి తడిమి చూసుకున్నాడు. బరువుంది. అమ్మయ్య అనుకున్నాడు.

తెల్లటి దుమ్ములోంచి మైలమ్మ నడిచి వచ్చింది. కొప్పు ఊడి నెరిసిన జుట్టు భుజాల మీద పడి ఉంది. ముఖమంతా నవ్వు.

"నాయనా గుండా! ఎంత కష్టపడ్డావురా తండ్రీ! నీవల్లే అందరం బతికాం," అంది. దగ్గరికొచ్చి తల నిమిరింది. "ఇప్పటిదాకా మోసింది చాలు. తిత్తి ఇలా ఇయ్యి, కాసేపు నేను మోస్తాను."

గుండన ఈ ఒక్క మాట కోసం ఇరవయ్యేళ్ళు ఎదురుచూశాడు. తిత్తి తోలుపట్టీ భుజం మీదనుంచి జారవిడిచాడు. ఆమె రెండు చేతులూ చాచింది.

"చూసి తీసుకో అవ్వా," అన్నాడు అలవాటు కొద్దీ.

"చూసేదేముందిరా! నీ కుట్టు బంగారం."

గుండన చేతులు ఆగిపోయాయి. కొడుకు కుట్టినదైనా, దేవుడే కుట్టినదైనా, బొటనవేలు నడిపించకుండా తిత్తి పుచ్చుకునే మనిషి కాదు మైలమ్మ. చావుబతుకుల్లో ఉన్నా పుచ్చుకోదు. ఆ మెప్పుకోలు నిజమైతే ఎంత బాగుండునో అతని మనసుకే తెలుసు. అయినా పట్టీ మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు.

"మా అవ్వ ఎక్కడ?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పు! మా అవ్వను ఏం చేశావు?"

మైలమ్మ ముఖంలో కళ్ళు గుండ్రంగా, పచ్చగా విచ్చుకున్నాయి. నెరిసిన జుట్టు ఈకలైంది. చూస్తుండగానే ఎదుట నిలువెత్తు ఉలూకాక్షుడు నిలబడ్డాడు, నల్లటి శాలువా గాలిలో రెపరెపలాడుతూ.

"తోలు కుట్టుకునేవాడివి, నీకింత చూపా!" అని పళ్ళు కొరికి చెయ్యి విసిరాడు. దుమ్ముతెర పక్కకు తొలిగింది. ఇరవై అడుగుల అవతల, బావి మింగిన గుంట అంచున, ఉప్పుబురదలో మైలమ్మ నడుము దాకా కూరుకుపోయి ఉంది. "అదుగో నీ అవ్వ. తిత్తి నీ చేత్తో, నీ ఇష్టంతో ఇయ్యి, ఇప్పుడే పైకి తీస్తాను. లేదా, ఇక్కడే నిలబడి చూస్తూ ఉండు."

గంట చప్పుడుతో జయంతసేనుడు, అతని వెనక నలుగురు బిడారు మనుషులు అక్కడికి చేరుకున్నారు. రాకుమారుడికి ఒక్క చూపులో అంతా అర్థమైంది. కత్తి దూయబోయి ఆగిపోయాడు. అతని ముఖం పాలిపోయింది.

"గుండనా," అన్నాడు, "ఆ నీరు నా చెల్లెలి ప్రాణం. ఆవిడ నీ తల్లి. ఇయ్యవద్దని నేను చెప్పలేను. నువ్వేం చేసినా నిన్ను తప్పుపట్టను."

గుండన అడుగు ముందుకు వేశాడు, వెనక్కి వేశాడు. బురద మైలమ్మ పొట్ట మీదికి వచ్చింది. ఆమె ఏడవడం లేదు. కళ్ళు చికిలించి ఇటే చూస్తోంది.

"ఒరేయ్ గుండా!" అని కేక వేసింది.

"అవ్వా!"

"నీ బుర్రలో మట్టుందా? తుఫానులో కుట్టు బయటికి తిప్పి వీపుకు వేసుకుంటావట్రా? ఒంటివైపు ఉండాలని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! మూడో వరస కారుతోంది, చూసుకో!"

అందరూ చూశారు. నిజమే. ఉప్పురవ్వలు కోసిన దారం దగ్గర తోలు తడిసి, ఒక్కొక్క చుక్కే జారి నేలమీద పడి ఉప్పవుతోంది. ప్రాణం మీదికి వచ్చినా ఇరవై అడుగుల దూరాన్నుంచి ఆ తడి చూసింది ఆ మహాతల్లి. గుండన అరచేత్తో చిల్లును అదిమిపెట్టి, రెండో చేత్తో మొలలోంచి తుమ్మముల్లు లాగాడు.

ఉలూకాక్షుడు పకపకా నవ్వాడు. ఇంకాసేపు ఆగితే తిత్తి తనంతట తనే ఖాళీ అవుతుంది. ముల్లు చిల్లులోకి దిగితే మాత్రం ఆశ పోయినట్టే. ఆ తొందరలో మాంత్రికుడు కూడా ఒక చిన్న సంగతి మరిచిపోయాడు. ఒక్క గంతులో వచ్చి, ముల్లు పట్టుకున్న గుండన చేతిని కాక, చిల్లును మూసిన తడిచేతిని బలంగా గుంజాడు.

భగ్గుమంది. ఉలూకాక్షుడి అయిదు వేళ్ళూ కాగడాల్లా మండాయి. లవణారణ్యం దద్దరిల్లేలా అరిచి, గుడ్లగూబయై, కాలిన రెక్కను ఈడ్చుకుంటూ ఆకాశంలోకి ఎగిరిపోయాడు. గుండన అటు చూడనైనా లేదు. చిల్లులో ముల్లు దించి, దాని చుట్టూ మైనం పూసిన నారదారం మూడు చుట్లు బిగించి, పంటితో తెంపాడు. తర్వాతే తిత్తిని రాకుమారుడి చేతికి ఇష్టపూర్వకంగా ఇచ్చి గుంట వైపు పరుగెత్తాడు.

"నేరుగా రాకు!" అంది మైలమ్మ రొప్పుతూ.

"తెలుసవ్వా!" బూడిదరంగు ఉప్పు మనిషి బరువు ఆపదు, తెల్లగా పలుకు కట్టినది ఆపుతుంది. అది కూడా ఆవిడ నేర్పిన ముక్కే. తెల్లటి పలుకు ఉన్నంత మేర అడ్డంగా నడిచి, ఎద్దు మీది గోనెలు రెండు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని తాడు విసిరాడు. ఆ తాడు రెండో కొస జయన్న ఎద్దు మెడకు కట్టారు. రాకుమారుడు ఎద్దును అదిలించాడు. ఆ రోజు మొట్టమొదటిసారి ఎద్దు అతని మాట విన్నది. మైలమ్మ మోకాళ్ళదాకా తోలు లేచిన కాళ్ళతో ఒడ్డున పడింది.

గుండన ఆమె పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"అవ్వా, నువ్వు తిట్టిన ప్రతి తిట్టుకూ నీకు దండం. విప్పించిన ప్రతి వరసకూ దండం. ఎన్నోసార్లు నిన్ను మనసులో తిట్టుకున్నాను. ముసలిది నన్ను నిద్రపోనివ్వదని తిట్టుకున్నాను. ఈ పూట ఆ బావి దగ్గర నా చెయ్యి వెతికింది నువ్వు వెతకమన్నందుకే. నన్ను సంతలోంచి ఎత్తుకొచ్చావు. ఇవాళ మళ్ళీ బతికించావు."

మైలమ్మకు మెచ్చుకోవడమూ రాదు, మెప్పు పుచ్చుకోవడమూ రాదు. గుండన జుట్టులో వేళ్ళు పెట్టి, అంటుకున్న ఉప్పుపలుకులు ఒక్కొక్కటే ఏరసాగింది.

కుముదావతి యువరాజు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మాసిన పాగా తీసి ఆమె కాళ్ళకు కట్టుకట్టాడు. "మా తండ్రిగారు మీకు అగ్రహారాలు ఇస్తారు అవ్వా. నేను ఇవ్వగలిగింది ఈ నమస్కారమే. రాజ్యం చేసేవాడికి ఏది తెలిసుండాలో నాకు మీ ఎద్దు గంట నేర్పింది."

"సరే సరే, నమస్కారాలకు పున్నమి ఆగదు," అంది ఆమె. "ఎద్దుల నడక ఇక చాలదు. గుర్రమెక్కి మీరిద్దరూ పొండి. పొద్దుగూకేసరికి చెలమ అందుతుంది, దాహం తీర్చుకుని సాగండి, నేను ఎద్దులకు అక్కడే నీళ్ళు పెట్టుకుని బిడారుతో వెనక వస్తాను. గుండా, తిత్తి నీ ఒంటి మీదనుంచి దించకు."

బిడారులో ఉన్నది ఒకే ఒక్క గుర్రం. ఎక్కబోతూ జయంతసేనుడు ఆగి, జీను పట్టెడ తానే లాగి చూశాడు. ఒక కన్నం వదులుగా ఉంది. బిగించాడు. గుండన ఏమీ అనలేదు, మనసులో మాత్రం చాలా సంతోషించాడు.

తర్వాత రెండు పగళ్ళు, మూడు రాత్రులు గుర్రం డెక్కలు నేలను తాకాయో లేదో. లవణారణ్యం దాటారు. తుంగలు నిలువెత్తున పెరిగిన చిత్తడిలో మొసళ్ళ వీపులు పక్కపక్కనే పెట్టుకుని దాటారు. గండశిలల కనుమలో గుర్రం ముందుకాళ్ళ కింద దారి కూలితే, అంచును గీకుతూ దాటారు. ఏ మలుపు దగ్గరైనా గుండన బొటనవేలు ముల్లు మీదికి వెళ్ళి వచ్చేది. పొడిగానే ఉండేది. దాన్ని చూసిన ప్రతిసారీ అతనికి ఆ ముసలి గొంతు వినిపించేది, గుండె చల్లబడేది.

పున్నమినాడు పొద్దు బారెడెక్కేసరికి కుముదావతి కోట బురుజులు కనిపించాయి. నురగలు కక్కుతూ గుర్రం మహాద్వారం ముందు ఆగింది. దుమ్ముకొట్టుకుపోయిన యువరాజును గుర్తుపట్టి ముసలి ద్వారపాలకుడు ఆనందంతో చేతులెత్తి మొక్కాడు.

"వచ్చారా ప్రభూ! ఇక దిగులు లేదు. రాకుమారిగారికి గండం గడిచినట్టే."

"ఇంకా గడవలేదు తాతా, దారి ఇయ్యి. మందు తెచ్చాం."

"మందా?" ద్వారపాలకుడు తెల్లబోయాడు. "అది ఎప్పుడో లోపలికి పోయిందే! మైలమ్మగారు వచ్చి ఘడియ కాలేదూ! మైలమ్మగారు వస్తే ఏ గడపా అడ్డు పెట్టవద్దని మహారాజుగారి ఆజ్ఞ కదా, నేనే దగ్గరుండి అంతఃపురం దాకా తీసుకెళ్ళాను. పాపం, ఒక చెయ్యి కాలి కట్టుకట్టుకుని ఉంది. రెండో చేత్తోనే తిత్తి మోసుకొచ్చింది మహాతల్లి."

జయంతసేనుడి చేతిలోంచి కళ్ళెం జారింది. అప్పుడే అంతఃపురం పైమెట్ల మీదనుంచి శంఖం వినిపించింది.

"అదుగో," అన్నాడు ద్వారపాలకుడు సంబరంగా. "మూడు శంఖాలూ ఊదాక పాత్ర రాకుమారి పెదవులకు అందించాలని పురోహితులవారి ఏర్పాటు."

గుండన గుర్రం మీదనుంచి ఎప్పుడు దూకాడో ఎవరికీ తెలియదు. తిత్తిని గుండెకు హత్తుకుని, కావలివాళ్ళ ఈటెల కిందుగా దూరి, నూటెనిమిది మెట్ల మొదటి మెట్టు మీద అడుగు పెట్టాడు. "ఆపండి! ఆ వచ్చింది మైలమ్మ కాదు, ఉలూకాక్షుడు!" అన్న యువరాజు కేకలు వెనక వినబడుతున్నాయి. సగం మెట్లు ఎక్కేసరికి రెండో శంఖం మోగింది. తలెత్తి చూస్తే, పైన రాతి చప్టా మీద పురోహితుడు మూడోసారి శంఖాన్ని పెదవులకు ఆనిస్తున్నాడు.